బెల్లు ఊడిన చోట ఫోను హోల్డరు: నా అనుభవం

నా ఫోను హోల్డరును ఎత్తుకుపోయినవాడు పద్ధతి తెలిసినవాడు. విరగ్గొట్టలేదు, లాగి పీకలేదు. మర తిప్పి, హోల్డరును తీరిగ్గా ఊడదీసుకుని, దాని నట్టును మాత్రం సైకిలు సీటు మీద పెట్టి వెళ్ళాడు. నట్టు లేని హోల్డరుతో అతనేం చేసుకున్నాడో, హోల్డరు లేని నట్టుతో నేనేం చేసుకోవాలో, రెండూ ఇప్పటికీ తేలలేదు. హ్యాండిల్ మీద రబ్బరు నల్లచార ఒకటి మిగిలింది. కొని పదకొండు రోజులు.

నరసాపురంలో లేసు వ్యాపారం చేసే ఒక సంస్థలో పనిచేస్తాను. ఊళ్ళలో ఆడవాళ్ళకు దారం ఇవ్వడం, అల్లిన ముక్కలు చూసి, లెక్క రాసుకుని తీసుకురావడం నా పని. ఇల్లు గోదావరి పాయ వశిష్ఠకు అవతల, సఖినేటిపల్లి వైపు. పొద్దున సైకిలుతో సహా పంటు ఎక్కి గోదావరి దాటుతాను. చించినాడ వంతెన మీదుగా చుట్టి రావడం సైకిలు మీద అయ్యే పని కాదు. ఇవతల దిగాక ఆఫీసు, అక్కడి నుంచి సీతారాంపురమో లక్ష్మణేశ్వరమో, ఎవరు కబురు చేస్తే అక్కడికి.

పూర్వం ఇల్లు ఎక్కడంటే రామాలయం పక్క సందు, వేపచెట్టు ఇల్లు అని చెప్పేవారు. ఇప్పుడు కొత్తగా చేరిన అమ్మాయిలు నోటితో చెప్పరు, లొకేషన్ పంపుతారు. ఫోను సంచిలో ఉంటే ప్రతి మలుపులోనూ కాలు నేలకు ఆనించి, దారపు ఉండల కింది నుంచి ఫోను తీసి, చూసి, మళ్ళీ లోపల పెట్టాలి. అందుకని హ్యాండిల్ మీద ఫోను కావాలనుకున్నాను. తొక్కుతూ దాన్ని చూడను. ఆగి చూస్తాను. ఆగినప్పుడల్లా సంచి విప్పే పని తప్పితే చాలు.

హోల్డరు పోయిందని తెలిసి మా మేనల్లుడు, "ఈసారి వెయ్యి రూపాయలది కొను అత్తా, ఇనుములా ఉంటుంది" అన్నాడు. వాడికి ఇంజనీరింగు మూడో సంవత్సరం, ప్రతిదానికీ వెయ్యి రూపాయల మందు ఉంటుంది. నూట అరవైది పోతేనే రెండు రోజులు అన్నం సయించలేదు. వెయ్యిది పోతే?

ఆ రాత్రి లెక్కల పుస్తకం వెనక పేజీలో, నా సైకిలు రోజూ ఎక్కడెక్కడ ఆగుతుందో రాసుకున్నాను. పంటు మీద పక్కనే ఉంటాను కాబట్టి అక్కడ దొంగ భయం లేదు, ఉన్నది నీటి భయం. ఫోను జారి వశిష్ఠలో పడితే దొంగ పట్టుకుపోయినట్టే. ఆఫీసు దగ్గరి సైకిలు స్టాండులో గంటల తరబడి ఉంటుంది, కనిపెట్టి చూసేవారు ఉండరు. ఇక అల్లికవాళ్ళ ఇళ్ళ ముందు, గేటు పక్కన. అక్కడ పిల్లలు చేరతారు. తిరిగేది ఏది కనబడినా తిప్పుతారు. పెడలు తిప్పుతారు, బెల్లు మూత తిప్పుతారు. నా బెల్లు మూత అలా ఊడిపోయిందే, కిందటి సంక్రాంతికి. హోల్డరు విప్పినవాడు కూడా ఆ కోవవాడే అయి ఉంటాడని నా అనుమానం. దొంగ అయితే నట్టు వదలడు.

రాసుకున్నాక ఒకటి తేలింది. ఫోను ఎప్పుడూ నాతోనే దిగుతుంది. సైకిలు మీద ఒంటరిగా మిగిలేది హోల్డరు ఒక్కటే. అంటే నేను చూడవలసింది ఫోనును ఎంత గట్టిగా పట్టుకుంటుందని మాత్రమే కాదు, నేను వెళ్ళిపోయాక సైకిలు మీద ఎంత వస్తువు మిగులుతుందని.

కొనే ముందు కొలత. హ్యాండిల్ గొట్టం లావు ఎంతో తెలియకుండా మొదటిసారి కొనేశాను. ఈసారి లేసు దారం ఒకటి గొట్టం చుట్టూ ఒక చుట్టు చుట్టి, కలిసిన చోట గోరుతో నొక్కి, టేపు మీద పెట్టాను. సరిగ్గా ఏడు సెంటీమీటర్లు. మూడు పాయింట్ పద్నాలుగుతో భాగిస్తే 22 మిల్లీమీటర్ల పైచిలుకు. దుకాణాల్లో దొరికే హోల్డర్ల మీద చాలావరకు 22 నుంచి 32 అని ఉంటుంది. అంటే నాది అంచు కొలత, బిగించినా కొంత ఆడుతుంది. పాత ట్యూబు ముక్క ఒకటి లోపల చుట్టవలసిందే. కొన్ని హోల్డర్లు హ్యాండిల్‌కు కాకుండా, హ్యాండిల్ నిలువు గొట్టం పైన ఉండే మూత స్థానంలో ఒకే బోల్టుతో బిగుస్తాయి. తీయడం కష్టం, చూడ్డానికీ అందంగా ఉంటాయి. కానీ అవి గేరు సైకిళ్ళలాంటి కొత్త రకాలకు. నా లేడీస్ సైకిలుకు ఆ మూతే లేదు.

పారదర్శకమైన సంచీ రకం చూశాను, వానకు మంచిదని. కానీ ఆ సంచీలో ఎండ పడితే ఫోను ఉడికిపోతుంది. ఐఫోనును 35 డిగ్రీల లోపు వేడిలో వాడమని దాన్ని చేసే ఆపిల్ సంస్థే చెబుతుంది. నాది అంత ఖరీదైన ఫోను కాదు, అయినా వేడి అందరికీ వేడే. అయస్కాంతం రకం గోతులకు ఆగుతుందన్న నమ్మకం కుదరలేదు.

చివరికి సిలికాన్ పట్టీ రకం కొన్నాను. ఫోను నాలుగు మూలలకూ రబ్బరు చెవులు, వెనక ఒక పట్టీ, హ్యాండిల్ చుట్టూ లాగి తగిలించడమే. దిగేటప్పుడు మొత్తం ఊడదీసి సంచిలో వేసుకోవచ్చు. సైకిలు మీద ఏమీ మిగలదు కాబట్టి దొంగకు దీన్ని మించిన మందు లేదనుకున్నాను. నిజమే, రెండు నెలలు ఎవరూ ముట్టుకోలేదు. ముట్టుకోవడానికి ఏముంది? కానీ రోజుకు ఎనిమిది సార్లు తగిలించి తీస్తూ ఉంటే పట్టీ సాగింది. ఎండకు చెవుల దగ్గర వెంట్రుకల్లాంటి చీలికలు వచ్చాయి. నేను గమనించలేదు.

ఒక సాయంత్రం పంటు ఒడ్డుకు తగిలినప్పుడు, రోజూ తగిలే దెబ్బే, ఒక చెవి పుటుక్కున తెగింది. ఫోను పక్కకు ఒరిగి మిగిలిన చెవుల మీద వేలాడింది. పక్కన పాలక్యానులతో నిలబడ్డ పెద్దాయన చెయ్యి చాచి పట్టుకున్నారు. "ఏమ్మా, గోదారమ్మకు ఫోను చేస్తున్నావా?" అన్నారు. నవ్వానుగానీ ఇంటికి వచ్చేదాకా కాళ్ళలో వణుకు పోలేదు.

అదే రాత్రి స్టార్ హ్యాష్ సున్నా ఆరు హ్యాష్ నొక్కి, ఫోను ఐఎమ్‌ఈఐ నంబరు, అంటే ఆ ఫోనును గుర్తుపట్టే నంబరు, లెక్కల పుస్తకంలో రాసి పెట్టుకున్నాను. పోయిన ఫోనును ఆ నంబరుతో ఏ సిమ్ముతోనూ పనిచేయకుండా ఆపించే సౌకర్యం 2023 నుంచి కేంద్ర ప్రభుత్వ వెబ్‌సైటు సంచార్ సాథీలో దేశమంతటా ఉంది. దానికి ముందు పోలీసు ఫిర్యాదు నకలు ఉండాలి. గోదావరిలో పడితే ఇవేవీ పనికిరావు, అది వేరే సంగతి.

ఇక మిగిలింది పావు తిప్పు రకం. ఇందులో రెండు ముక్కలు. ఒకటి ఫోను వెనక అంటుకుని ఉంటుంది, రెండోది హ్యాండిల్ మీద. ఫోనును అడ్డంగా పెట్టి పావువంతు తిప్పితే టక్కున కూర్చుంటుంది. తీయాలంటే కింది మీట నొక్కి తిప్పాలి. నేను దిగిపోయాక హ్యాండిల్ మీద మిగిలేది పెద్ద గుండీ అంత నల్లటి బిళ్ళ. చూస్తే ఏమిటో తెలియదు. నాకు అన్నిటికంటే నచ్చిన గుణం అది.

ఆ ముక్క అమర్చి వచ్చే కవరు నా ఫోనుకు సరిపడేది ఎక్కడా దొరకలేదు. ఏ కవరుకైనా అంటించుకునే బిళ్ళ తెప్పించాను. మెత్తని సిలికాన్ కవరు మీద అది నిలవదు, గట్టి ప్లాస్టిక్ కవరు కావాలి. స్పిరిట్‌తో తుడిచి, అంటించి, ఒక రోజంతా ముట్టుకోకుండా వదిలేయాలి. నేను ఆదివారం అంటించాను.

బిళ్ళను హ్యాండిల్‌కు బిగించే బోల్టు దగ్గర మళ్ళీ ఆగాను. అది ఎలన్ కీ బోల్టు, తలలో ఆరుపలకల గుంట. చేత్తో తిప్పలేరు, మంచిదే. కానీ నాలుగు మిల్లీమీటర్ల ఎలన్ కీ ఏ మెకానిక్ దగ్గరైనా ఉంటుంది, మా మేనల్లుడి దగ్గరా ఉంది. రేవు దగ్గర సైకిలు షాపు బాబాయిగారికి చూపించాను. ఆయన తన డబ్బాలో వేళ్ళు పెట్టి కలిపి, ఒక చిన్న ఉక్కు గోళీ తీశారు. హ్యాండిల్ కింది కప్పుల్లో వేసే గోళీ అది, నాలుగు మిల్లీమీటర్లకు పిసరు తక్కువ. గుంటలో వేసి బొటనవేలితో నొక్కితే కొలిచి చేసినట్టు కూర్చుంది. పైన కొవ్వొత్తి వెలిగించి మైనం బొట్టు వేశారు.

"ఇక వాడు ఏ కీ తెచ్చినా దూరదమ్మా."

"మరి నేను తీయాలంటే?"

"నీ దగ్గర ఉన్నాయిగా సూదులు."

నిజమే. లేసు సూది కొక్కెంతో మైనం గీకేస్తే, అయస్కాంతం పెట్టగానే గోళీ బయటికి దూకుతుంది. ఇంట్లో రెండుసార్లు చేసి చూశాను. చెప్పొద్దూ, చాలా గర్వపడ్డాను. బజారులో కొనని తాళం, నా చేతి సూదే దానికి చెవి.

నాలుగు నెలలు అది అలాగే ఉంది. ఆ మధ్యలో వానలు వచ్చాయి. మా రేవు దగ్గర గోదావరి సముద్రానికి దగ్గర, పోటు వేళ నీళ్ళు ఉప్పగా ఉంటాయి, గాలీ అంతే. కార్తిక మాసంలో బిళ్ళ కొంచెం పక్కకు తిరుగుతోందని, లోపలి ట్యూబు ముక్క మార్చుదామని కూర్చున్నాను. సూదితో మైనం గీకితే మైనం తెల్లగా రాలేదు, ఇటికపొడి రంగులో వచ్చింది. అయస్కాంతం పెట్టాను. గోళీ కదలలేదు. సూది మొనతో అంచు వెంట గీరాను, ఎర్రటి పొడి ఒడిలో రాలింది తప్ప గోళీ గుంటకు అతుక్కుపోయింది. కొబ్బరినూనె వేసి రాత్రంతా ఉంచాను. పొద్దున్నకు తుప్పు నల్లబడింది, అంతే. మూడో ప్రయత్నంలో సూది కొక్కెం విరిగింది. పన్నెండేళ్ళుగా నా చేతిలో అరిగిన సూది అది. హోల్డరు పోయినప్పటికంటే ఎక్కువ బాధపడ్డాను.

బాబాయిగారు గోళీని పరీక్షగా చూసి, తప్పు తనదేనన్నట్టు తల గోక్కున్నారు. బేరింగ్ గోళీ గట్టి ఉక్కు, కానీ తుప్పు పట్టని ఉక్కు కాదు. గ్రీజులో ఉన్నంతసేపే దాని మెరుపు. రంపం దాని మీద జారిపోతుందని, ఆకురాయితో బోల్టు తలకు రెండు పక్కలా రాసి చదును చేసి, కటింగ్ ప్లయరుతో పట్టి తిప్పారు. ఇరవై నిమిషాలు పట్టింది. దొంగకు అంత ఓపికా, ఆకురాయీ ఉంటే తీసుకుపోనీ అనిపించింది.

ఈసారి స్టెయిన్‌లెస్ బోల్టు తెప్పించాను. తలలో నక్షత్రం గుంట, గుంట మధ్యలో చిన్న మేకు. మామూలు నక్షత్రం బిట్టు ఆ మేకుకు తగిలి ఆగిపోతుంది, మధ్యలో రంధ్రం ఉన్న టీ-25 బిట్టే దూరుతుంది. ఇలాంటి బిట్టు అడిగితే ఎవరికైనా అమ్ముతారు, రహస్యమేమీ కాదు. కానీ లక్ష్మణేశ్వరంలో గేటు దగ్గర నిలబడే ఏడేళ్ళ పిల్లాడి జేబులో ఉండదు. మరలకు, వదులు కాకుండా పట్టి ఉంచే జిగురు, నీలం రంగు లాక్‌టైట్ ఒక చుక్క బాబాయిగారు వేశారు. ఎరుపుది వేస్తే తీయడానికి వేడి చేయాలట. ఒకసారి తగిలిన దెబ్బ చాలు, నీలమే అన్నాను. గుంటలోకి గ్రీజు నొక్కి, పైన మైనం. మైనం ఆలోచన మాత్రం నేను వదల్లేదు.

బిట్టు ఇంటి తాళాల గుత్తికి కట్టాను. ఇంకో బిట్టు బాబాయిగారి డబ్బాలో ఉంది.

కిందటి వారం స్టాండులో కొత్తగా కాపలాకు కూర్చున్న తాతగారు సైకిలును కాసేపు తేరిపార చూశారు. బిళ్ళ మీద వేలు పెట్టి, "బెల్లు మూత ఊడిపోయిందా అమ్మా?" అని అడిగారు. అంతకంటే మంచి మాట ఎవరంటారు? ఊడిపోయిందండి అన్నాను. మర్నాడు నేను సాయంత్రం వచ్చేసరికి ఎక్కడో వెతికి తెచ్చిన పాత బెల్లు ఒకటి తుడిచి పెట్టుకుని కూర్చున్నారు. వద్దంటే నొచ్చుకునేలా ఉన్నారు. ఎడమ వైపు బిగించారు, మామూలు స్క్రూతో.