కింది బెర్తు పెద్దావిడ

రైలు కదిలేసరికి రాత్రి ఎనిమిది దాటింది. 22 గంటల ప్రయాణం. నా చొక్కా జేబులో థర్మామీటరు. జ్వరం 100.4 డిగ్రీలకు చేరితే ఎక్కడున్నా సరే దిగిపోయి, దగ్గర్లోని ఆసుపత్రికి వెళ్ళమన్నారు డాక్టరుగారు. నాలుగు గంటలకోసారి చూడాలి. నేను గంటకోసారి చూశాను.

మా ఆవిడకు అక్యూట్ మైలాయిడ్ లుకేమియా అని తేలి అప్పటికి నాలుగు నెలలు. ఎముక మజ్జలో రక్తకణాలు తయారయ్యే చోటే మొదలయ్యే క్యాన్సర్ అది. కీమోతో అణిగింది గానీ, తనకు వచ్చింది తిరగబెట్టే రకమన్నారు. మూలకణ మార్పిడి, అంటే రక్తాన్ని తయారుచేసే కణాలను వేరొకరి నుంచి తీసి ఎక్కించడం, చేయించాలి, అదీ వేరే ఊళ్ళో. తోడబుట్టినవాళ్ళలో ఒకరితో కణజాలం పూర్తిగా కలిసే అవకాశం నాలుగింట ఒక వంతే. తనకున్నది ఒక్క తమ్ముడు. అతనిది కలిసిందని చెప్పిన రోజు నేను ఆసుపత్రి మెట్ల మీదే కూలబడిపోయాను.

ఈ నాలుగు నెలలూ ఎవరికీ చెప్పొద్దని పట్టుబట్టింది నేనే. జాలి చూపులు భరించలేనని భయం. ప్రయాణానికి వారం ముందు మా బావమరిది నాకు చెప్పకుండా అందరికీ చెప్పేశాడు. ఇక ఫోన్ ఆగలేదు. ఎప్పుడో కలిసి చదువుకున్నవాళ్ళు, తన ఆఫీసువాళ్ళు, పాతికేళ్ళ కిందటి పక్కింటివాళ్ళు... ఎవరి దేవుడికి వాళ్ళు మొక్కుకుంటున్నామని మెసేజ్‌లు పెట్టారు. ప్లాట్‌ఫారం మీద అవి చదువుతూ తను ఒకే మాట అంది: "ఇంతమంది ప్రార్థిస్తున్నారంటే, నాకు అంత సీరియస్సా?"

నేను సామాను లెక్కపెడుతున్నట్టు నటించాను.

ఎదుటి కింది బెర్తులో డెబ్బై దాటిన ఒక పెద్దావిడ. ఆవిడ ఒక్కరే వస్తున్నారు. మాస్కు, నెత్తికి కట్టిన గుడ్డ చూసి ఆవిడకు అర్థమైపోయినట్టుంది. ఏం జబ్బని అడగలేదు. సంచీలోంచి అంచులు నలిగిపోయిన చిన్న నోటుబుక్కు, తాడు కట్టిన పెన్సిలు తీసి, "అమ్మాయి పేరు చెప్పు బాబూ, రాసుకుంటాను" అన్నారు.

ఆ పుస్తకం నిండా పేర్లే. కొన్నింటి పక్కన ఒకటి రెండు మాటలు: "కళ్ళు", "కొడుకు పలకడం లేదు", "రెండోసారి ఆపరేషన్". చాలా పేర్ల పెన్సిలు రాత వెలిసిపోయి కనిపించింది. అంటే ఏళ్ళనాటివి.

"తగ్గినవాళ్ళ పేర్లు కొట్టేయరా అమ్మా?" అని అడిగాను.

"ఎందుకు బాబూ కొట్టేయడం? మళ్ళీ రాకూడదని అడగొద్దూ?"

పేరు రాసుకుని ఆవిడ మా ఆవిడ వైపు తిరిగారు. "నీకు దేనికి భయంగా ఉంది తల్లీ? అదే అడుగుతాను దేవుణ్ణి."

చాలాసేపు తను మాట్లాడలేదు. రైలు ఏదో వంతెన మీద ఉంది, చప్పుడు మారింది. ఆ చప్పుడు అయ్యాక అంది: "నొప్పి గురించి కాదండీ. నేను లేకపోతే ఈయన ఎవరితోనూ మాట్లాడరు. అదే నా భయం."

నాలుగు నెలల్లో తను నాతో అనని మాట అది. ఎవరో ముక్కూమొహం తెలియనావిడ అడిగితే చెప్పింది. పెద్దావిడ ఆ మాటను అలాగే, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ, పేరు పక్కన రాసుకున్నారు. నేను కిటికీ వైపు తిరిగిపోయాను. చీకట్లో అద్దంలో నా మొహమే కనబడింది.

ఆ రాత్రి నిద్ర పట్టక పై బెర్తులో ఫోన్ పట్టుకుని ప్రార్థనల మీద పరిశోధనలేమైనా ఉన్నాయేమోనని వెతికాను. 2006లో అమెరికాలో వచ్చిన ఒక అధ్యయనం దొరికింది. గుండె బైపాస్ చేయించుకున్న 1,802 మంది మీద చేశారు. ప్రార్థించేవాళ్ళకు రోగి పేరు, ఇంటిపేరులో మొదటి అక్షరం మాత్రమే ఇచ్చారు. ప్రార్థనల వల్ల ఇబ్బందులేమీ తగ్గలేదు. పైగా తమకోసం ప్రార్థిస్తున్నారని కచ్చితంగా తెలిసినవాళ్ళలో 59 శాతం మందికి ఏదో ఒక ఇబ్బంది వచ్చింది. తెలియనివాళ్ళలో అది 52 శాతం. "మనకోసం ప్రార్థించేంత బాగోలేమా" అనే కంగారు కారణం కావచ్చని పరిశోధకుల ఊహ. అచ్చం ప్లాట్‌ఫారం మీద మా ఆవిడ అడిగిన ప్రశ్నే! చదివి చల్లబడిపోయాను. కానీ కింద చూస్తే తను నిద్రపోతోంది. మాత్ర వేసుకోకుండా, ఎన్నో వారాల తర్వాత. ఆ అధ్యయనం తప్పని నేననను. అందులో రోగిని "నీకు దేనికి భయం" అని అడిగినవాళ్ళ గురించి మాత్రం ఏమీ లేదు.

తెల్లవారి లేచేసరికి పెద్దావిడ లేరు. మధ్యలో ఏ స్టేషన్లోనో దిగిపోయారు.

ఆ తర్వాత వారం కీమో. తమ్ముడికి రోజూ ఇంజెక్షన్లు, ఒక రోజంతా రక్తంలోంచి ఆ కణాలు తీసే యంత్రం దగ్గర పడుకోవడం. మార్పిడి రోజున వచ్చింది చూస్తే లేత ఎరుపు రంగు సంచీ ఒకటి, మామూలు రక్తం ఎక్కించినట్టే గంటలో అయిపోయింది. రక్తంలోకి వదిలితే చాలు, ఆ కణాలు తమంతట తామే ఎముక మజ్జకు దారి వెతుక్కుంటాయని నర్సు చెప్పింది. ఇంత ప్రయాణం చేసి వచ్చి, మేం ఎదురుచూసింది ఇంకో ప్రయాణం కోసమన్నమాట.

తొమ్మిదో రోజుకు నోరంతా పుళ్ళు. మాట లేదు, మింగుడు లేదు. తెల్లకణాలు దాదాపు సున్నా. అప్పుడే ఒక దగ్గరి బంధువు ఫోన్ చేసి, గట్టిగా నమ్మితే తగ్గిపోతుంది, ఆమెలో నమ్మకం తక్కువన్నట్టు మాట్లాడాడు. నాకు ఒళ్ళు మండింది. లేవలేని మనిషి మీద ఆ బరువు కూడా వేస్తారా? ఆ ఫోన్ సంగతి తనకు చెప్పలేదు. మిగతా మెసేజ్‌లన్నీ చదివి వినిపించాను, గౌను, మాస్కు వేసుకుని మంచం పక్కన కూర్చుని. ఒకటి చదవగానే వేలు పైకెత్తేది. ఇంకోటి చదవమని. కళ్ళు మూసుకునే. ఒక సాయంత్రం 43 చదివాను. ఆ రోజు నుంచి రాత్రిళ్ళు నేనూ జవాబులు రాయడం మొదలుపెట్టాను. మొదట "థాంక్స్" అని. తర్వాత, ఈ రోజు రెండు చెంచాల నీళ్ళు మింగిందని. ఆ తర్వాత, నాకు చాలా భయంగా ఉందని.

పదహారో రోజు న్యూట్రోఫిల్స్, అంటే ఇన్ఫెక్షన్లతో పోరాడే తెల్లకణాలు, 520. వరుసగా మూడు రోజులు 500 దాటి ఉంటేనే కణాలు కుదురుకున్నట్టు లెక్క. 17, 18 రోజుల్లోనూ దాటాయి.

ఆసుపత్రి దగ్గర్లోనే గది తీసుకుని నూరు రోజులు దాటేదాకా ఉండి, అదే రైలెక్కి తిరిగి వచ్చాం. తలపై అర అంగుళం మెత్తటి జుట్టు. కొత్త జుట్టు ఉంగరాలు తిరిగింది. ఇంకా చాలా జాగ్రత్తలున్నాయి, పరీక్షలున్నాయి. ఎదుటి బెర్తు ఖాళీగా ఉంటే అటే చూస్తూ కూర్చుంది.

"ఆవిడ ఫోన్ నంబరైనా తీసుకోలేదు మీరు. తగ్గిందని ఎలా తెలుస్తుంది?"

పేరు కూడా అడగలేదని అప్పుడు గుర్తొచ్చింది. అదే చెప్పాను.

"సర్లెండి," అంది దుప్పటి సర్దుకుంటూ, "ఎలాగూ కొట్టేయరు కదా."