నిలబడ్డ గీత

పాత వీడియో గేమ్ మెషీన్‌కి స్విచ్ వేయగానే పిక్చర్ ట్యూబు మధ్యలో ఒక్క గీత నిలబడింది. పైనుంచి కింది దాకా, దారం వేలాడదీసినట్టు. తెల్లగా మండిపోతోంది, అక్కడక్కడా గులాబీ రంగు మెరుస్తోంది. మిగతా అద్దమంతా చీకటి. లోపల గేమ్ మాత్రం నడుస్తోంది. కాయిన్ వేస్తే పాట వచ్చింది, బటన్ నొక్కితే ఆట మొదలైన చప్పుడు వినిపించింది. అంటే గేమ్ బోర్డులో తప్పు లేదు. తప్పు మానిటర్‌లో ఉంది. ఆ మానిటర్‌లో నిన్న కండెన్సర్లన్నీ మార్చింది నేనే.

ముందు చేయి వెళ్లింది స్క్రీన్ కంట్రోల్ మీదికి, వెలుగు తగ్గించేశాను. తెర మొత్తానికీ పరుచుకోవాల్సిన వెలుగు ఒక్క గీత మీద పడితే ఆ చోట అద్దం లోపల వెలిగే ఫాస్ఫర్ పూత మాడిపోతుంది. ఆ మచ్చ ఇక పోదు. ఇలాంటి ట్యూబులు ఇప్పుడెవరూ తయారు చేయడం లేదు. చాసిస్‌లో , అంటే మానిటర్ సర్క్యూట్ బోర్డులో, ఏ పార్టు పోయినా ఎక్కడో ఒకచోట దొరుకుతుంది గానీ ట్యూబు పోతే పోయినట్టే. నా ముందున్నది మిస్ ప్యాక్‌మ్యాన్, 1982 నాటి మెషీన్. కరెంటు తీసేసినా అద్దం మీద ఆ దారుల గళ్లు నీడలా కనబడుతుంటాయి. ఎన్నేళ్లు, ఎంతమంది పిల్లలు దాని ముందు నిలబడితే అంత లోతుగా దిగిందో.

తెనాలిలో ఇరవై రెండేళ్లు టీవీలు బాగుచేశాను. సాలిడేర్, డయనోరా, ఈసీ, ఒనిడా, ఏది వచ్చినా వెనక మూత తీస్తే ఇంటికి వెళ్లినట్టే ఉండేది. పార్టుల కోసం నెలకోసారి హైదరాబాద్ వెళ్లి కోఠి గుజరాతీ గల్లీలో సంచి నింపుకుని వచ్చేవాణ్ణి. తర్వాత పల్చటి టీవీలు వచ్చాయి. కొట్లో పాత టీవీలు పేరుకుపోయాయి, తీసుకెళ్లడానికి మనుషులు రాలేదు. అదే సమయంలో మమ్మల్ని అమెరికా రప్పించడానికి అక్క ఎప్పుడో పెట్టిన వీసా పిటిషన్ పన్నెండేళ్లకు కదిలింది. 2016లో చికాగో దగ్గర అరోరా వచ్చాం. రెండేళ్లు గ్యాస్ స్టేషన్‌లో రాత్రి డ్యూటీ చేశాను. ఒక ఆదివారం బాలాజీ గుడి క్యాంటీన్‌లో పులిహోర తింటుంటే ఒకాయన మాటల్లో చెప్పాడు, పాత వీడియో గేమ్ మెషీన్లు బాగుచేసే వర్క్‌షాప్‌లో ట్యూబు టీవీ పని తెలిసిన మనిషి దొరకడం లేదట అని. చేతిలో ప్లేటు కింద పెట్టి అడ్రస్ రాసుకున్నాను.

ఈ మెషీన్లకు చికాగో పుట్టిల్లు. మిస్ ప్యాక్‌మ్యాన్ చేసిన మిడ్‌వే కంపెనీ అప్పట్లో ఉండేది ఓహేర్ ఎయిర్‌పోర్టు పక్కన, ఫ్రాంక్లిన్ పార్క్‌లో. మానిటర్లు చేసిన వెల్స్ గార్డ్‌నర్ 1925లో చికాగోలోనే మొదలైంది. మానిటర్లు చేసిన ఇంకో కంపెనీ ఎలక్ట్రోహోమ్ అయితే కెనడాలోని కిచెనర్ ఊరిది. నేను బాగుచేసే మెషీన్లలో చాలా వాటికి ప్రాణం పోసింది నేను రోజూ కారులో వెళ్లే దారికి దగ్గర్లోనే.

పనిలో చేరిన కొత్తలో మాటల దగ్గర తడబడేవాణ్ణి. మనం కండెన్సర్ అంటాం, ఇక్కడ కెపాసిటర్. ట్యూబుకి వేల వోల్టులు పుట్టించే ట్రాన్స్‌ఫార్మర్‌ని మనం ఈహెచ్‌టీ, ఎల్‌ఓటీ అంటాం, ఇక్కడ ఫ్లైబ్యాక్ అంటారు. సరిగా పట్టని టంకం మనకు డ్రై సోల్డర్, ఇక్కడ కోల్డ్ జాయింట్. రిపేరు సెట్టుకి కరెంటు బల్బు గుండా ఇచ్చే సిరీస్ బోర్డు గురించి నోటితో చెబితే ఓనరుకి అర్థం కాలేదు. హోల్డరుకి వంద వాట్ల బల్బు బిగించి, వైరు చుట్టి చూపించగానే ఆయన ముఖం వెలిగిపోయింది. ఆయనా 1980ల నుంచి అదే వాడుతున్నాడు. డెబ్బై దాటిన మనిషి, పేరు పెట్టి పిలవమంటాడు. నాకు నోరు రాదు. సర్ అనే అంటాను, ఆయనా వదిలేశాడు.

ఈ మెషీన్ వచ్చినప్పుడు బొమ్మ అంచులు ఊగుతున్నాయి, పక్కల కుంచించుకుపోయింది. నలభై ఏళ్ల ఎలక్ట్రోలైటిక్ కండెన్సర్లు లోపల ఎండిపోయి ఉంటాయి. ఒక్కొక్కటీ వెతికే బదులు అన్నీ ఒకేసారి మార్చడం ఇక్కడ పద్ధతి. ట్యూబు ఆనోడ్ దగ్గర ఇరవై వేల వోల్టుల దాకా నిలవ ఉంటుంది కాబట్టి ముందు స్క్రూడ్రైవర్‌కి ఎర్త్ వైరు కట్టి, రబ్బరు మూత కిందికి దూర్చి డిశ్చార్జ్ చేశాను, ఒక చేయి వెనక్కి పెట్టుకుని. తర్వాత సక్కర్‌తో పాత లెడ్డు, అంటే టంకం, లాగి, ఒకటి తీసి ఒకటి వేసుకుంటూ, చార పక్క నెగెటివ్ అని ప్రతిదానికీ రెండేసి సార్లు చూసుకుంటూ సాయంత్రానికి పూర్తి చేశాను. పాతవి 85 డిగ్రీలవి, కొత్తవి 105 డిగ్రీలవి. తృప్తిగా ఇంటికెళ్లాను. పొద్దున్నే ఈ గీత.

మా గురువు గారు నేర్పిన మొదటి పాఠం నాకు అన్నం తిన్నంత గుర్తు. ట్యూబు మెడ మీది యోక్ అనే తీగచుట్లే వెలుగుని తెర మీద పరుస్తాయి, వర్టికల్ చుట్టు పైకీ కిందికీ, హారిజాంటల్ చుట్టు పక్కలకీ. గీత పడుకుంటే వర్టికల్ పోయినట్టు, గీత నిలబడితే హారిజాంటల్ యోక్ దారి తెగినట్టు. నా ముందు గీత నిలబడి ఉంది. రోజంతా హారిజాంటల్ వైపే తిరిగాను. యోక్ హారిజాంటల్ చుట్టు మీటరు పెట్టి చూశాను, బాగానే ఉంది. దానితో సిరీస్‌లో ఉన్న కండెన్సర్ తీసి కొలిచాను, బాగుంది. బొమ్మ వెడల్పు సరిచేసే విడ్త్ కాయిల్ పగిలిందేమో అని టార్చి వేసి చూశాను, పగల్లేదు. మధ్యాహ్నం అన్నం డబ్బా తెరవలేదు. ఓనరు ఒక్క మాట అనలేదు గానీ, చేతికిచ్చిన వస్తువు పాడుచేశానేమో అన్న టెన్షన్ నన్ను పట్టుకుంది. ఆ మెషీన్ ఒక అమ్మాయి వాళ్ల నాన్న గుర్తుగా ఉంచుకున్నది.

రాత్రి తొమ్మిదికి గురువు గారికి ఫోన్ చేశాను. తెనాలిలో పొద్దున ఏడున్నర, కాఫీ తాగే వేళ.

"ఏరా అబ్బాయ్, గీత వెలుగుతోందా?"

"మండిపోతోందండీ."

"ఈహెచ్‌టీ లేకుండా వెలుగు ఎక్కణ్ణుంచి వస్తుంది? దాన్ని నడిపేది హారిజాంటలే కదా. యోక్ చుట్టు బాగుందంటున్నావు, కండెన్సర్ బాగుందంటున్నావు. మరి నిలబడటానికి ఏముంది అక్కడ?"

"అదే తెలియడం లేదండీ."

"అయితే పొద్దున దాన్ని బయటికి తీసి బల్ల మీద పెట్టి, మొదట్నుంచీ చూడు. ఇరుకులో చూస్తే కన్ను తప్పుతుంది."

పొద్దున్నే మానిటర్‌ని ఫ్రేమ్‌తో సహా బయటికి లాగాను. ఈ చాసిస్‌కి లైన్ కరెంటు నేరుగా తగిలించకూడదు. లైన్ నుంచి వేరు చేసే ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి, సిరీస్ బల్బు తగిలించి, టీవీ పెట్టినట్టే బల్ల మీద కుదురుగా పెట్టి స్విచ్ వేశాను. గీత పడుకుని ఉంది.

ఎంతసేపు అలా చూశానో తెలియదు. ప్యాక్‌మ్యాన్ తెర నిలువు తెర. అందుకోసం ట్యూబుని పక్కకి తిప్పి బిగిస్తారు. నాకు అంతకుముందు వచ్చినవన్నీ అడ్డ తెరలే, ఇలాంటిది ఇదే మొదటిది. ఆటగాడికి నిలువుగా కనబడేది ట్యూబుకి అడ్డం. గురువు గారి పాఠం తప్పు కాదు, నేను మెషీన్ వైపు నుంచి చదివాను, ట్యూబు వైపు నుంచి చదవాల్సింది.

ఆ తర్వాత గంట కూడా పట్టలేదు. వర్టికల్ భాగానికి సప్లై వస్తోంది. వర్టికల్ యోక్‌కి వెళ్లే దారిలో ఒక పెద్ద కండెన్సర్ ఉంది, నేను వేసిందే. కింద లెడ్డు గుండ్రంగా, నున్నగా మెరుస్తోంది. చూస్తే ఎవరూ అనుమానించరు. మీటరు బీప్‌లో పెట్టి ఒక పుల్ల కండెన్సర్ కాలికి, ఇంకొకటి యోక్ ప్లగ్గు పిన్నుకి ఆనించాను. మోగలేదు. భూతద్దం పెట్టి చూస్తే అప్పుడు కనబడింది. పాత కాలు లాగినప్పుడు దానితోపాటు రాగి రింగు బోర్డు నుంచి లేచి, ట్రాక్ దగ్గర వెంట్రుకంత సందు తెగింది. కొత్త లెడ్డు కాలిని పట్టుకుని ముద్దలా నిలబడింది గానీ ట్రాక్‌ని అందుకోలేదు. ఐరన్ ఒక్క క్షణం ఎక్కువ ఆనించి ఉంటాను. నలభై ఏళ్ల బోర్డు మీద రాగి, కాగితం మీద జిగురులాగే ఉంటుంది.

ట్రాక్ మీద ఆకుపచ్చ పూత కొంచెం గీకి, రాగి కనబడేదాకా రుద్ది, కత్తిరించిన రెసిస్టర్ కాలు ఒకటి ఏరి వంతెనలా వేశాను. మీటరు మోగింది. స్విచ్ వేస్తే సిరీస్ బల్బు ఒక్కసారి భగ్గుమని వెలిగి మెల్లగా కుంగింది. అలా కుంగితే షార్ట్ లేనట్టే. బల్బు తీసేసి నేరుగా ఇచ్చాను. గీత రెండు వైపులా విచ్చుకుని, చుట్టిన చాప పరిచినట్టు తెర నిండా గులాబీ గళ్లు పరుచుకున్నాయి. చాసిస్‌ని నడిపే మెయిన్ సప్లై, బి ప్లస్ చూశాను, ఈ రకానికి 120 వోల్టులు, ఉంది. బొమ్మ కొంచెం పొడుగు సాగితే హైట్ తిప్పి సరిచేశాను. మన దగ్గర వర్టికల్ సెకనుకు 50 సార్లు, ఇక్కడ 60. బొమ్మ దొర్లకుండా ఆపే ఆ హోల్డ్ తిప్పేటప్పుడు చేతికి ఇప్పటికీ తేడా తెలుస్తుంది. ఓనరు వచ్చి, వంగి ఆ రెసిస్టర్ కాలు చూసి, నా భుజం తట్టి, కౌంటర్ దగ్గర్నుంచి ఆటలో వేసే క్వార్టర్ కాయిన్లు నాలుగు తెచ్చి చేతిలో పెట్టాడు.

మెషీన్‌లో బిగించాక ఆ రాత్రి గురువు గారికి వీడియో కాల్ చేసి ఓనరు చేతికి ఫోనిచ్చాను, నేను ఆడుతుంటే పట్టుకున్నాడు. గురువు గారు కళ్లజోడు సర్దుకుని చాలాసేపు చూశారు.

"ట్యూబుని పక్కకి పడుకోబెట్టారన్నమాట. బాగుంది బాగుంది. మరి యోక్ ప్లగ్గు పిన్నుల దగ్గర లెడ్డు మళ్లీ వేశావా?"

"లేదండీ. బాగానే కనబడింది."

"ఆ కండెన్సర్ కూడా బాగానే కనబడింది కదరా."

ఆట మధ్యలోనే కరెంటు తీసేసి, వెనక తలుపు తెరిచాను.