20వ తేదీకి నేను ఊళ్లో లేను

బెంగళూరు జయనగర్‌లో ఒక అకౌంట్స్ ఆఫీసులో జీఎస్టీ టీమ్ చూస్తుంటా. నాతో కలిపి ఐదుగురం, ఇద్దరు కన్నడ వాళ్లు, ఒక అనంతపురం కుర్రాడు, ఒక చిత్తూరు అమ్మాయి. ఈ లైన్‌లో ఉన్నవాళ్లకి తెలుసు, మాకు నెలంటే తేదీలే. 7కి టీడీఎస్ (చెల్లింపుల్లోంచి పట్టుకున్న టాక్స్) కట్టాలి, 11కి జీఎస్టీఆర్-1 (అమ్మకాల రిటర్న్), 14న 2బి వస్తుంది, అంటే సప్లయర్లు చూపించిన బిల్లుల లిస్టు, అక్కణ్ణించి 20 లోపు 3బి వెయ్యాలి, అంటే టాక్స్ లెక్క తేల్చి కట్టే నెల రిటర్న్. ఆ ఆరు రోజులే ప్రాణం మీదకొచ్చేవి, ఎందుకంటే 3బి ఒకసారి ఫైల్ చేశాక మార్చడానికి లేదు, తప్పు జరిగితే తర్వాతి నెల రిటర్న్‌లో సర్దుకోవడమే.

ఆ భయంతో టీమ్ లీడ్ అయిన రెండేళ్లూ నేను పని పంచుతున్నా అనుకున్నానే గానీ నిజానికి పంచలేదు. పర్చేజ్ రిజిస్టర్‌ని 2బితో మ్యాచ్ చెయ్యడం, సప్లయర్లకి ఫోన్లు, చలాన్ రెడీ చెయ్యడం అన్నీ వాళ్లే చేసేవాళ్లు, కానీ తేడా వచ్చిన ప్రతి బిల్లూ నా టేబుల్ మీదకే వచ్చేది. "అక్కా, ఈ బిల్లు బుక్స్‌లో ఉంది, 2బిలో లేదు, ఏం చెయ్యమంటారు?" "నాకు పంపు, నేను చూస్తా." 2బిలో లేని బిల్లుకి క్రెడిట్ (కొన్నప్పుడు కట్టిన జీఎస్టీని మనం కట్టాల్సిన దాంట్లోంచి తగ్గించుకోవడం) తీసుకోకూడదన్న రూల్ 2022 జనవరి నుంచి ఉంది, అది వాళ్లకీ తెలుసు. అయినా అడిగేవాళ్లు, ఎందుకంటే అడగాలని అలవాటు చేసింది నేనే.

ఒక నెల 18న పొద్దున్నే అమ్మ ఫోన్ చేసింది, నాన్న మెట్ల మీంచి జారిపడ్డారు, తుంటి ఎముక విరిగింది. రాత్రికే బస్సెక్కి తెనాలి వెళ్లిపోయా. 20 సాయంత్రం ఆపరేషన్, ఫోన్ సైలెంట్‌లో పెట్టి బ్యాగులో పడేశా. బయటికొచ్చి చూస్తే పదకొండు మిస్డ్ కాల్స్. ఒక క్లయింట్ 3బి ఆగిపోయింది, నేను మళ్లీ ల్యాప్‌టాప్ ముందుకొచ్చి చూసి వేసేసరికి 22 అయింది. రోజుకి 50 చొప్పున 100 రూపాయల లేట్ ఫీజు, కట్టాల్సిన టాక్స్ మీద రెండు రోజులకి 18 శాతం లెక్కన వడ్డీ. డబ్బు పెద్దది కాదు గానీ ఆ క్లయింట్ బ్యాంకు లోన్‌కి అప్లై చేసి ఉన్నాడు, "ఇప్పుడు లేట్ అని కనపడితే నేనేం సమాధానం చెప్పాలమ్మా" అన్నాడు, ఆ మాట చాలా రోజులు నన్ను వదల్లేదు.

తిరిగొచ్చాక చిత్తూరు అమ్మాయిని కూర్చోబెట్టి ఎందుకు వెయ్యలేదని అడిగా. షీట్ తెరిచి చూపించింది, చివరి వరసకి పసుపు రంగు వేసుంది, నేను రెండు రోజుల తర్వాత వేసిన అంకె రూపాయి తేడా లేకుండా అందులో ఉంది. "20 మధ్యాహ్నానికే వచ్చేసిందక్కా. మీరు ఓకే అనకుండా వేస్తే ఏమంటారో అని ఆగిపోయా." ఇంక ఆమెని ఏమనగలను? లెక్క చెయ్యడం ఇచ్చా, నిర్ణయం మాత్రం నా దగ్గరే పెట్టుకున్నా.

తర్వాతి నెల 1న ఎనిమిది క్లయింట్లని పూర్తిగా ఆమెకి ఇచ్చేశా. ఒక కాగితం మీద రాసుకున్నాం: 10,000 రూపాయల టాక్స్ లోపు తేడాలు నువ్వే తేల్చు, ఆపైన అయితే నాకు చెప్పు, 17 సాయంత్రం పావుగంట కూర్చుందాం, ఆ తర్వాత నేను అడగను. ఇది రాసుకున్నంత మాత్రాన పని మారలేదు, క్లయింట్లు ఇంకా నాకే ఫోన్ చేస్తున్నారు, ఫైలింగ్ ఓటీపీ కూడా వాట్సాప్‌లో నాకే పంపుతున్నారు. అందుకని ఎనిమిది మందికీ నేనే ఫోన్ చేసి ఇకనుంచి మీ పని ఈ అమ్మాయిది, ఏదున్నా ఆమెతోనే మాట్లాడండి అని చెప్పా, ఆమె పక్కనే కూర్చునుంది. నాకు తెలిసి అసలు పని అప్పగించింది ఆ రోజే.

రెండో నెలలో తప్పు జరిగింది. 2బిలో ఉన్న ఒక బిల్లు వదిలేసింది, క్లయింట్ 14,000 ఎక్కువ క్యాష్ కట్టాడు. ఆ క్రెడిట్ తర్వాతి నెల తీసుకోవచ్చు, పోయేదేం లేదు, కానీ "ఇకనుంచి నాకు చూపించి వెయ్యి" అన్నమాట నా నాలుక చివర దాకా వచ్చింది. అది అనుంటే ఆ ఎనిమిదీ మళ్లీ నా దగ్గరికే వచ్చేవి. తప్పు ఆమే పట్టుకుంది, ఆమే క్లయింట్‌కి ఫోన్ చేసి చెప్పింది, నన్ను చెయ్యమనలేదు. షీట్‌లో ఇంకో కాలమ్ పెట్టింది, 2బి మొత్తంలోంచి తీసుకున్న క్రెడిట్, ఆపిన క్రెడిట్ తీసేస్తే సున్నా రావాలి. ఇప్పుడు నా షీట్లలో కూడా అదే వాడుతున్నా.

అనంతపురం కుర్రాడికి ఇంకా టైమ్ పడుతోంది, అతనికి రెండే ఇచ్చా. అందరికీ ఒకే కొలత పనికిరాదు. మొన్న 17న ఫోన్ చేశాడు, "అక్కా, బిల్లు 2బిలో ఉంది, సరుకు మాత్రం ఇంకా గోడౌన్‌కి రాలేదంట, ఏం చెయ్యాలి?" "నువ్వేం అనుకుంటున్నావ్ తమ్ముడూ?" అన్నా. చాలాసేపు ఏం మాట్లాడలేదు, నేనూ నోరు మెదపలేదు. తర్వాత మెల్లగా అన్నాడు, "ఈ నెల క్రెడిట్ తీసుకోనక్కా, సరుకు వచ్చాక తీసుకుంటా."

సరే, ఫోన్ పెట్టేస్తున్నా అన్నా.