డబుల్ కట్

మారిషస్ చెరకు తోటల్లో ఒప్పంద కూలీ ఒక్క రోజు పనికి రాకపోతే రెండు రోజుల కూలీ కోసేవారు. దాన్నే ‘డబుల్ కట్’ అన్నారు. బ్రిటిష్ వాళ్ళు 1834లో ఈ కూలీల రవాణా మొదలుపెట్టాక కోరంగి రేవు నుంచి తెలుగువాళ్ళూ ఓడలెక్కారు. జ్వరంతో లేవలేకపోయినా, తోట దొర దాన్ని ఎగవేత అని రాసుకుంటే అంతే సంగతులు.

ఇది చదువుతుంటే జగిత్యాలలోని మా బావ గుర్తొచ్చాడు. గల్ఫ్‌లో కిడ్నీలు దెబ్బతిని మంచం పట్టాడు. జీతం బంద్, పాస్‌పోర్టు కంపెనీ దగ్గర. (తోటల్లో ఆస్పత్రి ఉండాలని అప్పటి చట్టంలో రాసైనా ఉండేది!)

‘వాపస్ రా బావా’ అని ఫోన్ చేస్తే, ‘ఏజెంటుకిచ్చిన పైసల మిత్తి ఎవరు కడతరు?’ అన్నాడు.

ఊరివాళ్ళు చందాలేసి టికెట్ కొన్నారు. ఇప్పుడు డయాలసిస్ మీద ఉన్నాడు. మిత్తి మా అక్క బీడీలు చుట్టి కడుతోంది.