ఫోన్‌కి మానిటర్ తగిలించి పని: ఇప్పటికి ఎక్కడిదాకా వచ్చిందంటే

ల్యాప్‌టాప్ పక్కన పెట్టేసి ఫోన్‌తోనే రోజువారీ పని నడిపిద్దామని మొదలుపెట్టిన వ్యవహారం ఇది. నా అవసరాలు పెద్దవేం కావు. రాత పని, స్ప్రెడ్‌షీట్లు, మెయిళ్లు, వీడియో కాల్స్, అప్పుడప్పుడు కాస్త కోడ్. ఫోన్‌లో డెక్స్ ఉంది (మానిటర్ తగిలిస్తే కంప్యూటర్ లాంటి డెస్క్‌టాప్ చూపించే శాంసంగ్ సౌకర్యం), ర్యామ్ 8 జీబీ, మానిటర్ 27 అంగుళాలది, 1440పీ (తెర మీద నిలువునా 1440 చుక్కలు). ఇన్నాళ్లూ వాడాక తేలిందేంటంటే, ఈ పనులు ఫోన్ ప్రాసెసర్‌కి ఒక లెక్కే కాదు. తలనొప్పంతా ఫోన్‌కీ మానిటర్‌కీ మధ్య ఉన్న జానెడు దూరంలోనే ఉంది: పోర్టు, కేబుల్, హబ్ (ఫోన్‌కున్న ఒక్క పోర్టుని చాలా పోర్టులుగా చేసే పరికరం), కరెంటు. అందుకే వాటి గురించే ఎక్కువ రాస్తున్నా, యాప్‌ల సంగతి చివర్లో.

పోర్టుతో మొదలుపెడదాం. టైప్-సి ఉంది కదా అని ప్రతి ఫోనూ బొమ్మని బయటికి పంపదు. డిస్‌ప్లేపోర్ట్ ఆల్ట్ మోడ్ అనేది, అంటే టైప్-సి పోర్టు గుండానే మానిటర్‌కి బొమ్మ పంపే ఏర్పాటు, ఆ ఫోన్‌లో విడిగా ఇచ్చి ఉండాలి. స్పెసిఫికేషన్లలో యూఎస్‌బీ 2.0 అని కనిపిస్తే చాలావరకు ఆశ వదులుకోవచ్చు, కానీ ఇదేం శిలాశాసనం కాదు. ఐఫోన్ 15లో డేటా వేగం యూఎస్‌బీ 2దే, అయినా డిస్‌ప్లేపోర్ట్ పనిచేస్తుంది, కాకపోతే అది ఫోన్ తెరనే పెద్దగా చూపిస్తుంది తప్ప విడిగా డెస్క్‌టాప్ ఇవ్వదు. పిక్సెల్ 8ది ఇంకో కథ, దాన్నుంచి బొమ్మ బయటికి రావడానికి 2024 జూన్ అప్‌డేట్ దాకా ఆగాల్సి వచ్చింది. ఆల్ట్ మోడ్ అసలు లేని ఫోన్‌కి డిస్‌ప్లేలింక్ చిప్ ఉన్న డాక్ (హబ్ లాంటిదే) ఒక దారి. అది బొమ్మని కుదించి మామూలు యూఎస్‌బీ డేటాగా పంపుతుంది, ఆండ్రాయిడ్‌లో దానికో యాప్ వేసుకోవాలి. ఒక ఫ్రెండ్ పాత ఫోన్‌తో చూశాను, టైపింగ్‌కి ఫర్వాలేదు, వీడియో మాత్రం చూడలేం.

ఇక హబ్. ఇక్కడ కాస్త లెక్క తెలిస్తే చాలా డబ్బు మిగులుతుంది. సి పోర్టులో వేగంగా నడిచే లేన్లు, అంటే డేటా వెళ్లే దారులు, నాలుగు. యూఎస్‌బీ 3 ఇచ్చే హబ్ అయితే రెండు లేన్లు డేటాకి పోతాయి, బొమ్మకి మిగిలేవి రెండే. డిస్‌ప్లేపోర్ట్ 1.2 లెక్కన ఒక్కో లేన్‌కి సెకనుకి 5.4 గిగాబిట్లు, రెండింటికీ కలిపి 10.8, అందులో ఐదో వంతు ఎన్‌కోడింగ్‌కే పోతుంది కాబట్టి చేతికొచ్చేది 8.64. 4కే 60 హెర్ట్జ్‌కి (1440పీ కంటే ఎక్కువ చుక్కలున్న బొమ్మ, సెకనుకి 60 సార్లు మారేది) ఒట్టి పిక్సెళ్లకే దాదాపు 12 గిగాబిట్లు కావాలి. పట్టదు. అందుకే 30 హెర్ట్జ్‌కి దిగిపోతుంది, హబ్ డబ్బా మీద 4కే అని పెద్దక్షరాలతో వేసి 30 హెర్ట్జ్ అని ఎక్కడో మూలన చిన్నగా రాసేది కూడా ఇందుకే. 30 హెర్ట్జ్ అంటే సినిమాకి ఏమీ అనిపించదు గానీ, మౌస్ కదిపితే పాయింటర్ నత్తలా చేతి వెనకాలే వస్తుంటే రెండు గంటలు కూర్చోవడం కష్టం. 1440పీ 60 హెర్ట్జ్‌కి 6 గిగాబిట్ల లోపే సరిపోతుంది, అంటే రెండు లేన్లలోనే పట్టేస్తుంది, యూఎస్‌బీ వేగం కూడా తగ్గదు. నా 1440పీ మానిటర్‌ని మార్చకుండా ఉండటానికి కారణం అదే. నాలుగు లేన్లూ బొమ్మకే ఇచ్చే హబ్‌లు కూడా దొరుకుతాయి, వాటితో 4కే 60 వస్తుంది గానీ డేటా 480 మెగాబిట్లకి పడిపోతుంది. కీబోర్డు, మౌస్ మాత్రమే వాడేవాళ్లకి అదే మంచి బేరం.

మొదట తగిలించినప్పుడు తెర 1080పీలోనే వచ్చింది, డెక్స్ సెట్టింగ్స్‌లో రిజల్యూషన్ మార్చాక 1440కి ఎక్కింది. ఆ తర్వాత అక్షరాల సైజు మీద చాలాసేపు కుస్తీ పట్టాను. ఇంగ్లిష్ చదవడానికి సరిపోయిన సైజులో తెలుగు చదవలేం. ‘స్త్రీ’, ‘లక్ష్మి’ లాంటి మాటల్లో ఒత్తులు కింద నల్లటి చుక్కల్లా కలిసిపోతాయి, గుడి ఏదో గుడిదీర్ఘం ఏదో కళ్లు చికిలించి చూసుకోవాలి. స్క్రీన్ జూమ్ ఒక మెట్టు పెంచి, బ్రౌజర్‌లో టెక్స్ట్ స్కేలింగ్ విడిగా ఇంకాస్త పెంచాను. తెర మీద పట్టే వరుసలు తగ్గాయి, కానీ ఇప్పుడు సాయంత్రానికి కళ్లు మండటం లేదు.

కరెంటు దగ్గర ఒక సంగతి బాగా గుర్తుపెట్టుకోవాలి. హబ్‌కి ఫోన్ తగిలించి పని చేసుకుంటూ, బ్యాటరీ తగ్గింది కదా అని మధ్యలో చార్జర్ పెట్టగానే మానిటర్ నల్లబడింది, ‘నో సిగ్నల్’ అని తేలింది, రెండు మూడు సెకన్లకి మళ్లీ బొమ్మ వచ్చింది గానీ తెరిచి ఉన్న విండోలు కొన్ని చెల్లాచెదురయ్యాయి, పెన్‌డ్రైవ్‌లోకి కాపీ అవుతున్న ఫైలు సగంలో ఆగిపోయింది. అప్పటిదాకా హబ్‌కి కరెంటు ఇస్తున్నది ఫోన్. చార్జర్ రాగానే ఇచ్చేవాళ్లు, తీసుకునేవాళ్లు తారుమారవుతారు, ఆ మార్పు జరిగేటప్పుడు చాలా హబ్‌లు కనెక్షన్ మొత్తం తెంపి మళ్లీ కలుపుతాయి. కాబట్టి ముందు హబ్‌కి చార్జర్, ఆ తర్వాతే హబ్‌కి ఫోన్. తీసేటప్పుడు ముందు ఫోన్. చార్జర్ పవర్ డెలివరీది (టైప్-సి కోసం అన్ని కంపెనీలకీ ఉమ్మడిగా ఉన్న చార్జింగ్ పద్ధతి) అయ్యుండాలి, దాని మీద సన్నగా రాసి ఉండే వరుసలో 9 వోల్టులు ఉందో లేదో చూసుకోండి. ఫోన్‌తో వచ్చే కొన్ని కంపెనీల సొంత ఫాస్ట్ చార్జర్లు హబ్ గుండా వెళ్లేసరికి నీరసపడిపోతాయి.

వేడి గురించి చాలామంది భయపెడతారు. నిజానికి మానిటర్ నడపడం వల్ల వచ్చే వేడి తక్కువ, బ్యాటరీ నిండటం వల్ల వచ్చేదే ఎక్కువ. బ్యాటరీ ప్రొటెక్షన్‌లో 80 శాతం దగ్గర ఆపేలా పెట్టాను, ఆ గీత దాటాక చార్జింగ్ ఆగి ఫోన్ గోరువెచ్చగా ఉంటుందంతే. కవర్ తీసేసి స్టాండ్ మీద నిలబెట్టడం ఇంకో మంచి పని. వీడియో కాల్, చార్జింగ్ ఒకేసారి అయితే మాత్రం వేడెక్కుతుంది, కాబట్టి కాల్‌కి ముందే 80కి తెచ్చుకుంటాను.

వైర్‌లెస్ మౌస్ విషయంలో నేను చాలా రోజులు హబ్‌నే అనుమానించాను, అనుమానం సగం నిజమే. ఫైళ్లు దాచుకునే ఎస్ఎస్‌డీ డ్రైవ్ హబ్‌లో పక్క పోర్టులో ఉన్నప్పుడే మౌస్ గెంతులేసేది, తీసేస్తే బుద్ధిగా ఉండేది. యూఎస్‌బీ 3 సంకేతాలు 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర రేడియో రొద చేస్తాయి, ఇంటెల్ 2012లోనే దీని మీద ఒక పత్రం వేసింది. మౌస్ డాంగిల్ (హబ్‌కి గుచ్చే చిన్న రిసీవర్) పనిచేసేదీ అదే ఫ్రీక్వెన్సీలో. మూరెడు పొడుగున్న యూఎస్‌బీ ఎక్స్‌టెన్షన్ కేబుల్ పెట్టి డాంగిల్‌ని హబ్‌కి దూరంగా జరిపాను, సమస్య పోయింది. వైర్ మౌస్ ఉంటే ఈ గోలే లేదు.

ఫోన్ మోగినప్పుడు ఏంటని అందరూ అడుగుతారు. కేబుల్‌తో సహా చెవి దగ్గర పెట్టుకుంటే పోర్టు పాడవుతుంది, అలాగని పీకితే డెస్క్‌టాప్ మూసుకుంటుంది. బ్లూటూత్ హెడ్‌సెట్ తప్ప నాకు వేరే దారి కనిపించలేదు. ఇంకో పక్క ఓటీపీలు వచ్చేది ఈ మెషీన్‌కే కాబట్టి కాపీ, పేస్ట్, అయిపోయింది. ఈ ఒక్క సుఖం కోసం అయినా వాడొచ్చు అనిపిస్తుంది.

యాప్‌లకొస్తే, బ్రౌజర్‌లో డెస్క్‌టాప్ సైట్ పెట్టుకుని చేసే పనులన్నీ బావున్నాయి. ఆల్ట్-ట్యాబ్, కంట్రోల్-సి, కంట్రోల్-వి అన్నీ మామూలే. ఫైర్‌ఫాక్స్‌లో ఎక్స్‌టెన్షన్లు 2023 డిసెంబర్ నుంచి ఆండ్రాయిడ్‌లోనూ బాగా విస్తరించాయి కాబట్టి అది కూడా పెట్టుకున్నాను. నిలువుగానే ఉంటానని మొండికేసే యాప్‌లు కొన్ని ఉన్నాయి, డెవలపర్ ఆప్షన్లలో (సెట్టింగ్స్‌లో మామూలుగా దాగి ఉండే మెనూ) విండోలన్నీ సైజు మార్చుకునేలా బలవంతపెట్టే స్విచ్ ఉంది, అది సగానికి పైగా వాటిని దారికి తెచ్చింది. బ్యాంకు యాప్ తెరిస్తే మానిటర్ మీద నల్లటి విండో మాత్రమే వస్తే కంగారు పడకండి, తన తెరని బయట ఎక్కడా చూపొద్దని ఆ యాపే సిస్టమ్‌కి చెప్తుంది. ఫోన్ తెర మీద తెరుచుకోవాలి. వెబ్‌క్యామ్ కొనకండి, యూఎస్‌బీ క్యామెరాని చాలా కాలింగ్ యాప్‌లు గుర్తించవు, స్టాండ్ మీద ఉన్న ఫోన్ ముందు క్యామెరానే అంతకంటే మంచి బొమ్మ ఇస్తుంది.

తెలుగు టైపింగ్ ఇంకా పూర్తిగా కుదరలేదు. బయటి కీబోర్డు తగిలించగానే తెర మీది కీబోర్డు మాయమవుతుంది, దాంతోపాటు ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టి తెలుగు తెప్పించుకునే సౌకర్యం కూడా. ఫిజికల్ కీబోర్డ్ సెట్టింగ్స్‌లో తెర కీబోర్డుని కూడా చూపించమనే స్విచ్ ఉంది, అది వేసి, పెద్ద పేరాలు నోటితో చెప్పి, తప్పులు మౌస్‌తో దిద్దుకుంటున్నా. వేగం వచ్చింది గానీ ఇంట్లో అందరికీ నేనేం రాస్తున్నానో వినిపిస్తోంది.

కోడ్ పనికి టెర్మక్స్, ఫోన్‌లో లినక్స్ కమాండ్లు నడిపే టెర్మినల్ యాప్. పైథాన్, గిట్ (కోడ్ మార్పుల్ని భద్రపరిచే సాధనం) హాయిగా నడుస్తున్నాయి. కానీ ఆండ్రాయిడ్ 12 నుంచి ఒక నియమం ఉంది, యాప్‌లు వెనకాల పుట్టించే పిల్ల ప్రాసెస్‌లు (విడివిడిగా నడిచే చిన్న పనులు) అన్నీ కలిపి 32 దాటితే సిస్టమ్ కొన్నిటిని చంపేస్తుంది, టెర్మినల్‌లో ‘సిగ్నల్ 9’ అని కనిపించి పని ఆగిపోతుంది. ఆండ్రాయిడ్ 14 నుంచి దీన్ని ఆపే స్విచ్ డెవలపర్ ఆప్షన్లలోనే ఉంది, అది వేశాక పెద్ద బిల్డ్ (కోడ్‌ని నడిచే ప్రోగ్రామ్‌గా మార్చే పని) కూడా చివరిదాకా నడిచింది.

ఈ ఆలోచన కొత్తదేం కాదు, 2011లోనే మోటరోలా ఏట్రిక్స్ ఫోన్‌కి ల్యాప్‌డాక్ (ఫోన్ తగిలిస్తే పనిచేసే ల్యాప్‌టాప్ ఆకారపు డాక్) వచ్చింది, 2015లో లూమియా 950 ఫోన్‌తో మైక్రోసాఫ్ట్ కంటిన్యుయం అని ఇలాంటిదే తెచ్చింది. కంటిన్యుయంలో మామూలు విండోస్ ప్రోగ్రామ్‌లు నడిచేవి కావు, కొత్త రకం యాప్‌లేమో నాలుగైతే ఎక్కువ, దాంతో అక్కడే ఆగిపోయింది. డెక్స్ 2017లో గెలాక్సీ ఎస్8తో వచ్చి ఇంకా నిలబడింది, 2025లో గూగుల్ కూడా శాంసంగ్‌తో కలిసి ఆండ్రాయిడ్‌లోనే డెస్క్‌టాప్ విండోలు కడుతున్నట్టు ప్రకటించింది. కాబట్టి ఈసారి మధ్యలో వదిలేస్తారన్న టెన్షన్ తక్కువ.

తర్వాత చూడాల్సింది ఈథర్నెట్. హబ్‌లో పోర్టు ఉంది, ఫోన్ దాన్ని వెంటనే పట్టుకుంది కూడా, కానీ గంటకోసారి లైన్ తెగుతోంది. కేబుల్ మార్చి చూశాను, తేడా లేదు. చిప్ వేడెక్కుతోందని నా అనుమానం, ఆ పక్కంతా చేయి పెట్టలేనంత కాలుతోంది. విడిగా ఒక ఈథర్నెట్ అడాప్టర్ తెచ్చి పోల్చి చూశాక అంకెలతో సహా రాస్తా.