పదహారు లెక్కపెట్టి: ఫిల్క్ సభలో మా బ్యాండు

సైన్స్ ఫిక్షన్ అభిమానులు తమ కోసం తామే కట్టుకుని పాడుకునే పాటలను ఫిల్క్ అంటారు. 1950ల్లో లీ జేకబ్స్ అనే అభిమాని రాసిన ఒక వ్యాసంలో ‘ఫోక్’ అన్న మాట అచ్చుతప్పుతో ‘ఫిల్క్’ అయింది. ఆ తప్పే పేరుగా నిలిచిపోయింది. ఈ పాటల కోసమే శుక్రవారం సాయంత్రం నుంచి ఆదివారం దాకా ఒక హోటల్లో జరిగే సభకు కొన్నేళ్లుగా శ్రోతగా వెళుతున్నాను. ఈసారి మొదటిసారిగా బేస్ గిటార్ పట్టుకుని వేదిక ఎక్కాను.

మా బ్యాండులో నలుగురం, నాలుగు ఊళ్లవాళ్లం. పాటలు రాసి పాడే ఆవిడ నాలుగు నెలల ముందే రికార్డింగులు పంపారు. ఇంటర్నెట్‌లో అందరం కలిసి వాయించాలని చూశాం కానీ కుదరలేదు. ఒకరి ధ్వని మరొకరికి చేరడానికి సుమారు 30 మిల్లీసెకన్లు దాటితే తాళం జారడం మొదలవుతుంది. గాలిలో శబ్దం ఆపాటి సమయంలో పది మీటర్లు వెళుతుంది. మా మధ్య ఆలస్యం అంతకు చాలా రెట్లు ఉండేది. ఒకరి కోసం ఒకరం ఆగుతూ పోతే నిమిషంలో పాట నీరసించిపోయేది. చివరికి ఎవరింట్లో వాళ్లం సాధన చేసుకున్నాం. నలుగురం ఒక గదిలో కలిసింది శుక్రవారం రాత్రే.

ఎనిమిది పాటల్లో నాకు ప్రాణం వాయేజర్ పాట. వాయేజర్లు నాసా పంపిన జంట అంతరిక్ష నౌకలు. 1977 ఆగస్టు 20న ముందుగా బయలుదేరింది వాయేజర్ 2. వాయేజర్ 1 సెప్టెంబరు 5న, అంటే పదహారు రోజులు వెనక బయలుదేరి, ఆ డిసెంబరులోనే ముందుదాన్ని దాటేసింది. ఆవిడ ఈ కథను మాటల్లోనే కాదు, వాద్యాల్లోనూ పెట్టారు. ముందు నా బేస్ ఒంటరిగా మొదలుపెడుతుంది. పదహారు లెక్కలయ్యాక ఫ్లూటు అందుకుని, రెండో చరణం వచ్చేలోగా నన్ను దాటి పైకి పోతుంది. కాగితం మీద చాలా సులువు. ఒంటరిగా వాయిస్తున్నప్పుడు మాత్రం చెయ్యి తొందరపడుతుంది. తొమ్మిదో లెక్కకల్లా నా వేగం పెరిగిపోయేది. ఆ రాత్రి అదొక్కటే ఇరవైసార్లు వాయించి ఉంటాం. “నీ చేతిని చూడను, కాలినే చూస్తాను. తాళం కాలితో వెయ్యి” అన్నాడు ఫ్లూటు వాయించే మిత్రుడు. ఆ మాటతో చెయ్యి కుదురుకుంది.

శనివారం సౌండ్ చెక్‌కు ఇచ్చింది పదిహేను నిమిషాలు. ఖాళీ హాల్లో కింది స్వరాలు గుమ్మని మోగి, ఏ స్వరం ఎక్కడ ఆగిందో తెలియకుండా పోయింది. సౌండ్ చూసే ఆయన కూడా మాలాంటి అభిమానే. తీగలను బ్రిడ్జికి, అంటే గిటార్ ఒంటి మీద తీగలు ఆనే పట్టీకి, దగ్గరగా మీటమని సలహా ఇచ్చి, తన వైపు నుంచి కింది స్థాయి కొంత తగ్గించారు. స్వరాలు విడివిడిగా తేలాయి. మొదటిసారి వేదిక ఎక్కేవాళ్లకు నేను గట్టిగా చెప్పేది ఇదే: సౌండ్ చెక్‌లో మీ వాద్యం హాల్లో ఎలా ఉందో అడిగే ముందు, మీ మానిటర్‌లో, అంటే వేదిక మీద మీరు వినడానికి మీ వైపు తిప్పి పెట్టే స్పీకరులో, ఎవరి ధ్వని వినబడకపోతే మీరు వాయించలేరో అది అడిగి పెట్టించుకోండి. నేను ఫ్లూటు అడిగాను.

సరిగ్గా వాయేజర్ పాటకే నా వైపు మానిటర్ ఆగిపోయింది. పాట మొదలుపెట్టేశాను, ఇక ఆపడానికి లేదు. ఫ్లూటు అందుకున్నా నాకు వినబడదు. అతని వైపు తిరిగి నిలబడ్డాను. అతని చూపు నా కాలి మీద, నా చూపు అతని భుజాల మీద. పదిహేనో లెక్కకు ఆ భుజాలు ఊపిరితో పైకి లేచాయి. ఆ క్షణంలో నాలో బెదురు పోయింది. పల్లవి రెండోసారి వచ్చేసరికి హాలంతా గొంతు కలిపింది. అడిగినవారు లేరు, నేర్పినవారు లేరు. వెనక వరుసల్లో ఎవరో కింది శ్రుతిలో జోడు స్వరం కూడా పట్టుకున్నారు. ఈ సభల్లో శ్రోతలంటే పాడేవాళ్లే. మరే వేదిక మీదా నాకు ఇంత ధైర్యం దొరుకుతుందనుకోను.

మిగతా పాటలు సాఫీగా సాగిపోయాయి.

రాత్రి ఒక గదిలో కుర్చీలన్నీ గుండ్రంగా వేసుకుని కూర్చున్నాం. మైకులు లేవు, యాంప్లిఫయర్లు లేవు. వంతు వచ్చినవారు తామైనా పాడాలి, ఎవరినైనా పాడమనాలి, లేదా పక్కవారికి వదలాలి. రెండు గంటలు దాటాక ఒక పెద్దావిడ తన వంతు మాకిచ్చి వాయేజర్ పాట అడిగారు. యాంప్లిఫయర్ లేకపోతే నా బేస్ పక్క కుర్చీకి కూడా వినబడదు. ఏం చేయాలో తోచక చూస్తుంటే, ఎదురుగా కూర్చున్న ఒక కుర్రాడు నేను మధ్యాహ్నం వాయించిన వరసనే గొంతుతో అందుకున్నాడు, ఒక్క స్వరం తప్పు లేకుండా. నేను నేల మీద కాలితో తాళం వేశాను. పదిహేనో లెక్కకు ఫ్లూటు మిత్రుడు ఊపిరి పీల్చాడు.