కోబ్రా ఫారం మీద సంతకం

ఇక్కడ అమెరికాలో నా ఉద్యోగం పోయింది. మధ్యాహ్నం పోస్టులో కోబ్రా కాగితాలు వచ్చాయి. ఉద్యోగం పోయినా కంపెనీ ఆరోగ్య బీమాని సొంత ఖర్చుతో కొనసాగించుకోనిచ్చే ఫెడరల్ చట్టం అది. కంపెనీ ఇన్సూరెన్సు పోయిన నెలాఖరుతోనే ఆగిపోయింది. కావాలంటే అదే ప్లాన్ 18 నెలలు కొనసాగించుకోవచ్చు. కాకపోతే కంపెనీ వాటా కూడా మనమే కట్టాలి, పైన 2 శాతం ఖర్చులు. జీతంలోంచి నెలకు 310 డాలర్లు పట్టుకునేవాళ్లు, ఇప్పుడు ఇద్దరికీ కలిపి 1,640. జీతం రాని నెలలో ఆ అంకె చూస్తే గుండె గుభేలుమంది.

ఫ్రెండ్ ఫోన్ చేసి, "తొందరేముందిరా, 60 రోజుల టైముంది. ఏదైనా అవసరం పడితే అప్పుడు ఒప్పుకో, ఆగిన రోజు నుంచే వర్తిస్తుంది" అన్నాడు. నిజమే, ఒప్పుకున్నాక మొదటి ప్రీమియంకి ఇంకో 45 రోజులు ఇస్తారు కూడా. ఒంటరిగా ఉంటే నేనూ అలాగే ఆగేవాణ్ని. కానీ మా ఆవిడకిప్పుడు ఏడో నెల. గురువారం స్కాన్ ఉంది. కౌంటర్లో కార్డు గీస్తే "కవరేజీ లేదు" అని వస్తుంది, ముందు డబ్బు కట్టమంటారు.

మార్కెట్‌ప్లేస్ ప్లాన్లూ చూశాను, అంటే ప్రభుత్వ సైటులో ఎవరికి వాళ్లు కొనుక్కునే బీమా. ప్రీమియం తక్కువే. కానీ ఈ ఏడాది డిడక్టబుల్, అంటే బీమా కట్టడం మొదలుపెట్టే ముందు మనం కట్టాల్సిన మొత్తం, మాకు ఇప్పటికే నిండిపోయింది, కొత్త ప్లాన్‌లో మళ్లీ సున్నా నుంచి మొదలు. పైగా మొదటి నుంచీ చూస్తున్న డాక్టరు అందులో లేరు. కాన్పు ముందు డాక్టరును మార్చమని తనకి ఏ నోటితో చెప్పను?

20 మంది కూడా లేని కన్సల్టెన్సీల్లో మనవాళ్లు ఎంతోమంది ఉన్నారు. వాళ్లకి ఈ ఫెడరల్ చట్టమే వర్తించదు. ఉద్యోగం పోతే వైద్యం కూడా పోయేలా ఈ రెండింటినీ ముడిపెట్టడం అన్యాయం. మాలాంటి హెచ్1బీ ఉద్యోగ వీసా వాళ్లకైతే ఇన్సూరెన్సు 18 నెలలున్నా, ఉద్యోగం పోయాక ఇక్కడ ఉండటానికి గడువు మహా అయితే 60 రోజులే. ఈలోగా ఇంకో కంపెనీ పిటిషన్ వేయాలి.

తను కాగితాలన్నీ చదివి, "కట్టేద్దామండీ, నా గాజులున్నాయి కదా" అంది. గాజుల దాకా రానివ్వను. సేవింగ్స్‌లో నాలుగు నెలలకు సరిపడా ఉంది.

సాయంత్రం పోస్టాఫీసు మూసేలోపు వెళ్లి ఫారం సర్టిఫైడ్ మెయిల్‌లో పంపాను. పంపిన తేదీనే లెక్కలోకి తీసుకుంటారు కాబట్టి రసీదు ఫైల్లో పెట్టాను. బిడ్డ పుట్టిన 30 రోజుల్లోపు పేరు ప్లాన్‌లో చేర్పించాలని ఫోన్లో రిమైండర్ పెట్టుకున్నాను. రేపు పదింటికి ఇంటర్వ్యూ, ఇక చదువుకోవాలి.